శనివారం ప్రసంగమూ, మా వంట అవ్వా

మొన్న రాయచెర్లులో ఒక ఇంటి ప్రార్థనకు షేర్ ఆటోలో పోతుంటే వల్లూరు దగ్గర కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి రోడ్డు పక్కనంతా చెరువు నిండి తళతళలాడుతున్నట్టు కనిపించి, ఈ కరువు సీమలో ఇన్ని నీళ్ళు ఎక్కడివబ్బా అని ఒక్క క్షణం మురిసిపోయాను. నీళ్ళు కావు, సోలారు పలకలు. రోజూ చూసేవే గానీ, ఆ పలకల కిందనే ఎక్కడో మా పాదిరీల బడి ఉండేదని, నేను ప్రసంగం చెప్పడం నేర్చుకున్న నేల అదేనని ఆ నిద్రమత్తులో గుర్తొచ్చి, దిగవలసిన చోటు కూడా మరిచి అట్లాగే కూర్చుండిపోయాను.

పేరుకు సెమినరీ. ఉన్నది నాలుగు బండల గదులు, ఒక రేకుల వంటిల్లు, చుట్టూ శనక్కాయ చేలు, పట్టుమని పన్నెండుమంది విద్యార్థులం. మధ్యాహ్నాలు మగతగా గడిచేవి. మేము గ్రీకు అక్షరాలు దిద్దుతుంటే బయట గొర్రెల మందలు పోయే చప్పుడూ, వంటింట్లో సంగటి కెలికే చప్పుడూ కలిసి వినిపించేవి. ఇప్పటికీ బైబిలు తెరిస్తే నాకు ఉడికే రాగిపిండి వాసన తగులుతుంది, ఏం చేసేది చెప్పండి.

మా బడికి ఒక పద్ధతి ఉండేది, ఇంకెక్కడా ఉన్నట్టు నేను వినలేదు. ప్రతి శనివారం పొద్దున ఒక విద్యార్థి ప్రసంగం చెప్పాలి. పెద్దయ్యగారు, అంటే మా ప్రిన్సిపాలు, ముందు ఒక బెంచీ వేయించి దాని మీద మా వంట అవ్వను కూర్చోబెట్టేవారు. ఆమె గొర్రెలు కాసేవాళ్ళ ఇంటి మనిషి, హిందువు, అక్షరం రాదు. ప్రసంగం అయ్యాక విన్నదాన్ని ఆమె తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పగలిగితే మేము గట్టెక్కినట్టు, లేకపోతే మళ్ళీ ఇంకో శనివారం. మూడుసార్లు తప్పితే పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే.

నేను రెండుసార్లు తప్పాను. అప్పట్లో నాకు పెద్ద మాటల పిచ్చి. నీతిమత్వమనీ ప్రాయశ్చిత్తమనీ గొంతు పెంచి ఊదరగొట్టేవాణ్ణి. అవ్వ లేచి, "పిల్లోడు బలే మాట్లాడినాడప్పా, గొంతు గంట మాదిరి ఉండాది. ఏం జెప్పినాడో మాత్రం నాకు తెలీలే" అనేది. అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. నాకు ఏడుపొచ్చేది. నాగలమడికలో మా నాయన అప్పటికే కనిపించినవాళ్ళకల్లా నా కొడుకు పాదిరీ అవుతున్నాడని చెప్పుకు తిరుగుతున్నాడు, ఆయన ముఖం ఎట్లా చూసేది?

మూడోసారి రాసుకున్న కాగితాలు గదిలోనే వదిలేసి, వంద గొర్రెల కాపరి తప్పిపోయిన ఒక్కదాన్ని వెతుక్కుంటూ పోయే బైబిలు కథ ఎత్తుకున్నాను. సగంలోనే అవ్వ చెయ్యెత్తి ఆపింది. "ఒక్కదాని కోసరం పోయినాడు సరే, మిగతావాట్ని యాడ ఇడిసినాడప్పా? ఎవురు కాస్తా ఉండారు?" తెలీదవ్వా అని ఒప్పుకుని, మిగిలిన కథ ఎట్లాగో ముగించి, ఇంక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాను. ఆమె మాత్రం లేచి, తన చిన్నతనంలో వానలో తప్పిపోయిన గొర్రెపిల్ల కోసం వాళ్ళ నాయన వంకలన్నీ గాలించినట్టుగా ఆ కథనంతా చెప్పుకుపోయింది, చెప్తూ చెప్తూ ఏడ్చింది. పెద్దయ్యగారు నా పేరు ఎదుట టిక్కు పెట్టారు. అభిషేకం తర్వాతెప్పుడో జరిగింది గానీ నా లెక్కలో నేను పాదిరీనైంది ఆ రోజే.

కొన్నేళ్ళకు అదే బడికి ఉపాధ్యాయుడిగా వచ్చాను. అప్పటికి పెద్దయ్యగారు కాలం చేశారు, కొత్త కమిటీ వచ్చింది. మన నమ్మకం లేని వంటమనిషి పాదిరీల ప్రసంగాన్ని తూచడమేమిటి, వినేవాళ్ళు నవ్వరా అని మీటింగులో ఒక అయ్యగారు మాటెత్తి, మీరేమంటారని నావైపు తిరిగారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. సిగ్గు విడిచి చెప్తున్నాను, మీ ఇష్టమే నా ఇష్టమన్నాను.

ఆ శనివారం బెంచీ వేయలేదు. అవ్వ కొంగుకు చేతులు తుడుచుకుంటూ ఎప్పటిలాగే వచ్చి, గడప దగ్గర నిలబడి నావైపు చూసింది. నేను తల వంచుకుని బైబిలు తిరగేశాను. ఆమె వెనక్కి వెళ్ళిపోయింది, మళ్ళీ ఎన్నడూ ప్రసంగానికి రాలేదు. ఆ మధ్యాహ్నం కూడా నా పళ్ళెంలో రోజూ పెట్టినంత ముద్దే పెట్టింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం దిగదు.

తర్వాత పిల్లలు చదువులకు బెంగుళూరు దారి పట్టారు, వానలు ముఖం చాటేశాయి, అవ్వ పోయింది, బడి మూతపడింది, నేల సోలారువాళ్ళకు లీజుకు పోయింది. ఎవర్ని తిట్టేది? పలకలు కడిగే పని చేసుకుని ఆ ఊరి ఆడవాళ్ళు నాలుగు మెతుకులు తింటున్నారు, సంతోషమే.

ఇప్పుడు చిన్న ఇంటి ప్రార్థనకు కూడా మైకు పెడుతున్నారు, ప్రసంగాలు ఫోనుల్లోకి వచ్చేస్తున్నాయి. ఆ రోజు రాయచెర్లులో ఆలస్యంగా చేరి ఏదో నాలుగు మాటలు చెప్తే, అందరూ చేతులు పట్టుకుని ఎంత బాగా చెప్పినారయ్యా అన్నారు. ఎక్కడికి పోయినా ఇదే మాట. నా ఈడు పాదిరీలంతా ఈ మాట విని పొంగిపోతారు, నాకు మాత్రం బెంచీ మీది అవ్వ గుర్తొస్తుంది. ఇన్నేళ్ళుగా నేను చెప్పింది ఒక్కరికైనా అర్థమైందో లేదో నాకు తెలియదు. తెలీలే అని మొహం మీద చెప్పే ఒకే ఒక్క మనిషిని గడప దాకా వచ్చినా లోపలికి రమ్మనకుండా పంపేసింది నేనే కదా.