లోతులోన ఉన్నవాడా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక పాట పాడితే చెంప పగిలేది. అది బూతు పాట కాదు, ఏడుపు పాట కూడా కాదు. బావి తవ్వేటప్పుడు పాడే పాట. బావి గట్టు మీద, లోపల మనిషి ఉన్నంతసేపూ, ఎంతైనా పాడుకోవచ్చు. గడప లోపల మాత్రం ఒక్క ముక్క పలికినా మా నాయనమ్మ చేతిలో ఏముంటే దానితో వచ్చేది. "ఆ పిలుపు ఇంట్లో పిలవమాకే. ఎవరు పలుకుతారో ఏందో" అనేది. నాకు ఇష్టమైన పాట అదే. ఇంత వయసు వచ్చింది, అంతకు మించిన పాట ఇంకోటి నేను వినలేదు.

ఈ మాట మొన్న నరసరావుపేటలో మా అమ్మాయి ఇంట్లో అంటే అందరూ నవ్వారు. భోజనాలయ్యాక పిల్లలు ఎవరికి నచ్చిన పాట వాళ్ళు ఫోనులో పెట్టి, ఇది గొప్పదంటే ఇది గొప్పదని కొట్టుకుంటున్నారు. మా మనవడికి పాటలు రికార్డింగ్ చేసే చోట ఉద్యోగం. పాడినవాళ్ళ గొంతును కంప్యూటర్‌లో బాగుచేయడం వాడి పని. పాట మధ్యలో వినపడే ఊపిరి చప్పుళ్ళన్నీ ఏరి తీసేస్తామని చెప్పాడు. "నీట్‌గా ఉంటది అమ్మమ్మా" అన్నాడు. "ఊపిరి తీసేస్తే మరి పాడేదెవర్రా?" అన్నాను. ముసలామె ఏదో అంటుందిలే అని వాడు ఊరుకున్నాడు. నేను ఊరుకునే రకం కాదు. అందుకే కూర్చుని చెబుతున్నాను.

మాది రొంపిచెర్ల వైపు మెట్ట ఊరు. పైన కాస్త ఎర్రమన్ను, దాని కింద అంతా రాయి. వేసవిలో బావి అడుగంటితే ఇంకా లోతుకు తవ్వుకోవాల్సిందే. మా ఇంట్లో బావిలోకి దిగేది మా బాబాయి. నడుముకు తాడు కట్టి దించేవారు. పైన గిలక దగ్గర తాడు పట్టుకునేది మా నాన్న. గట్టు మీద నిలబడేది మా మేనత్త, అంటే నాన్నకు చెల్లెలు, బాబాయికి అక్క. ఆమె మట్టి మోసేది కాదు, తాడు లాగేది కాదు. పాడటమే ఆమె పని. ఊళ్ళో ఎవరి బావి తవ్వినా ఆమెనే పిలిచేవారు.

బావుల సంగతి ఎరగని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. లోతు బావిలో ఒక్కోసారి చెడ్డ గాలి ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. పీల్చిన మనిషి నిద్ర వచ్చినట్టు కూలబడి, అట్లాగే పోతాడు. పొద్దున్నే లాంతరు వెలిగించి కిందికి దించి, అది ఆరిపోకపోతేనే మనిషిని దించేవారు. కానీ ఆ తర్వాత గడ్డపార ఏ రాతి సందులో దిగుతుందో, ఆ సందులోంచి ఏది వస్తుందో లాంతరు చెప్పలేదు. దానికే ఈ పాట. పైనుంచి మా అత్త పిలవాలి. లోపలినుంచి బాబాయి జవాబు పాడాలి. జవాబు రాకపోతే లాగెయ్యాలి.

పిలుపు ఇది: "లోతులోన ఉన్నవాడా, లోకమింకా ఉన్నదోయ్, పలకవోయ్."

జవాబు ఇది: "ఎర్రమన్ను దాటినాను, ఎండపొద్దు మరిచినాను, నల్లరాతి నడుమనున్నా, తాడు చేత పట్టుకున్నా, పలికినోణ్ణి నేనేనోయ్."

ఇంతే పాట. ఇందులో ఏముంది అంటారేమో, నిదానంగా వినండి. పిలుపులో 'నువ్వు ఉన్నావా' అని అడగలేదు చూశారా. లోకమింకా ఉన్నదని చెప్పింది. అంత లోతున, చీకట్లో, తల ఎత్తితే అరచెయ్యంత ఆకాశం తప్ప మరేమీ కనపడని మనిషికి కావలసిన కబురు అదే. ఇది రాసినవాళ్ళు ఎవరో గానీ ఒకసారైనా బావిలోకి దిగి ఉండాలి. ఇక జవాబు పొడుగు చూడండి. మధ్యలో ఆగకూడదు, మొత్తం ఒకే ఊపిరిలో పాడాలి. గాలి బాగుంటే పాడగలడు, బాగాలేకపోతే 'నల్లరాతి' దగ్గరే తెగిపోతుంది. ఒక్క మాట తగ్గించినా పరీక్ష తేలికైపోతుంది, ఒక్క మాట పెంచినా మంచి గాలిలో కూడా మనిషి అలిసిపోతాడు. ఎంతో మంది ఊపిరితో కొలిచి కట్టిన పాట అది. ఇట్లాంటి పాట ఇంకోటి ఉంటే చూపించమనండి.

ఇంట్లో దెబ్బలు తిని నేను ఏడుస్తుంటే ఒక మధ్యాహ్నం మా అత్త నా చెయ్యి పట్టుకుని బావి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ రోజు పని లేదు, లోపల ఎవరూ లేరు. ఎండ మాడుతోంది, కాకి కూడా అరవడం లేదు. "పాడవే, నీ ఇష్టం తీరా పాడు" అంది. నేను గట్టు మీద బోర్లా పడుకుని, లోపలికి తల పెట్టి పిలుపు పాడాను. నా గొంతు కిందికి పోయింది. వెంటనే కిందినుంచి "ఉన్నదోయ్, పలకవోయ్" అని వచ్చింది. నా గొంతే, కానీ నాకంటే పెద్దదాని గొంతు లాగా ఉంది. నన్నే పలకమంటోంది. నేను వెనక్కి పడి అత్త చీర పట్టుకున్నాను.

అత్త నవ్వింది. "బావి కూడా పాడుద్దే. మనమిచ్చిన మాటే మనకిచ్చుద్ది. అందుకే పెద్దోళ్ళు జవాబుకి వేరే మాటలు పెట్టారు. మన మాటే తిరిగొస్తే అది బావి. వేరే మాట వస్తే మనిషి" అంది. నాకు ఆ రోజు పాట మీద గౌరవం కలిగింది, బావి మీద భయం కూడా కలిగింది. మనిషి లేకుండా పలికేది ఒకటి అందులో ఉందని తెలిశాక, ఆ నీళ్ళు తాగుతున్నప్పుడు కూడా గ్లాసులోకి చూడబుద్ధి అయ్యేది కాదు.

తర్వాత కొన్నాళ్ళకు పని మళ్ళీ మొదలైంది. నేను రోజూ గట్టు దగ్గరే ఉండేదాన్ని. పాటలో నాకు చానా ఇష్టమైన చోటు ఒకటుండేది. పిలుపు అయ్యాక, జవాబు రాకముందు, బాబాయి గుండెల నిండా గాలి పీల్చుకునేవాడు. ఆ చప్పుడు రాతి గోడలకు తగిలి, పెద్దదై పైకి వచ్చేది. బావే ఊపిరి పీల్చినట్టు ఉండేది. నేను దాన్ని అనుకరించి అందరినీ నవ్వించేదాన్ని. మా అత్త మాత్రం నవ్వేది కాదు. ఆ కాసేపూ కళ్ళు మూసుకుని ఉండేది.

ఆ రోజు పొద్దు నడినెత్తిన ఉంది. మట్టి గంప పైకి వచ్చింది, నాన్న దాన్ని దులిపి మళ్ళీ కిందికి వదిలాడు. గడ్డపార చప్పుడు ఆగింది. అలుపు తీర్చుకుంటున్నాడని అనుకున్నాం. అత్త పిలుపు పాడింది. జవాబు వచ్చింది. నేను విన్నాను. బాబాయి గొంతే, ఎక్కడా తెగలేదు, ఒక్క మాటా తప్పలేదు. 'పలికినోణ్ణి నేనేనోయ్' అని చివరిదాకా వచ్చింది. అంత చక్కగా ఆయన ఎప్పుడూ పాడలేదు. నాన్న నెమ్మదిగా చుట్ట తీసి నోట్లో పెట్టుకున్నాడు.

అత్త గిలక దగ్గరికి ఉరికింది. "అన్నా, లాగు" అంది.

"పలికాడుగా. ఏందే నీ గోల?"

"ఊపిరి తీసుకోలా. లాగన్నా. ఊపిరి తీసుకోకుండా పాడేది మనోడు కాదు."

నాన్న నోట్లోని చుట్ట కింద పడింది. తాడు పట్టి లాగడం మొదలుపెట్టాడు, అత్త కూడా చెయ్యి వేసింది. తాడు బరువుగా వస్తోంది. మనిషి కాళ్ళు గోడకు తన్నుకుంటూ ఎక్కుతుంటే తాడు అదురుతుంది. అది అదరలేదు. ముందు బాబాయి వీపు కనపడింది, తల ఒక పక్కకు వేలాడుతోంది, పెదవులు నల్లబడ్డాయి. గట్టు మీద పడుకోబెట్టి మొహాన నీళ్ళు కొట్టారు. నాన్న రొమ్ము మీద రుద్దుతున్నాడు. అత్త అరవడం లేదు, ఏడవడం లేదు. ఆయన నోటి దగ్గర చెవి పెట్టి అట్లాగే ఉండిపోయింది. ఎంతసేపటికో ఆ చప్పుడు వచ్చింది. గుండెల్లోకి గాలి పోయే చప్పుడు. నేను ఈ లోకంలో విన్న సంగీతమంతా దాని తర్వాతే.

సాయంత్రానికి బాబాయి లేచి కూర్చున్నాడు. అక్క పిలిచింది వినపడిందని చెప్పాడు. పలుకుదామనుకున్నాడట, నోరు తెరుచుకోలేదట. "ఈలోపు ఎవరో పలికేశారక్కా. నా పక్కనే. నా గొంతే. సరే, పలికాను గదా అని కళ్ళు మూసుకున్నా" అన్నాడు. నాయనమ్మ లేచి వెళ్ళి, వెలుగు ఉండగానే దీపం పెట్టింది.

మర్నాడు నేను అత్తను అడిగాను, అది బావేనా అని. నా తల దువ్వుతూ చెప్పింది. "చెవికి మన మీద చానా ప్రేమే. మనకేం కావాలో అది పాడి పెడుద్ది. మీ బాబాయి పలకాలని మనకుంది, అందుకని పలికినట్టు వినపడింది. మాటల్ని నమ్మమాక. మాటలకి ముందు ఊపిరుందా లేదా, అది చూడు. అదొక్కటీ చెవి కల్పించలేదు." "మరి బాబాయికి కూడా వినపడిందిగా అత్తా?" అన్నాను. ఆమె దువ్వెన పక్కన పెట్టింది. తర్వాత జడ గట్టిగా బిగించి, వెళ్ళి ఆడుకోమంది.

మనవడా, ఆ పాట గొప్పతనం ఇప్పుడైనా అర్థమైందా? దాని మాటలు దొంగిలించవచ్చు, రాగం దొంగిలించవచ్చు, గొంతు కూడా దొంగిలించవచ్చు. అవన్నీ ఆ రోజు బావిలో ఏదో దొంగిలించి మాకు వినిపించనే వినిపించింది. పిలుపుకూ జవాబుకూ మధ్య ఊపిరి కోసం ఒక ఖాళీ పెట్టారు చూడు, దాన్ని మాత్రం దొంగిలించలేకపోయింది. నువ్వు ఏరి పారేస్తున్నది దాన్నేరా నాయనా.

బాబాయి ఆ తర్వాత చానా ఏళ్ళు బతికాడు. బిడ్డల్ని కన్నాడు, వాళ్ళ పెళ్ళిళ్ళు చేశాడు, అందరితో తగాదాలు పెట్టుకున్నాడు. పెద్ద వయసులో ఒక ఉదయం మంచంలోనే కదలకుండా ఉండిపోయాడు. డాక్టరు వచ్చి చూసి చెప్పి వెళ్ళాడు. మా అత్త నమ్మలేదు. అప్పటికి ఆమె నడుము పూర్తిగా వంగిపోయింది. నేనే చెయ్యి పట్టుకుని మంచం దగ్గర కూర్చోబెట్టాను. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, ఇంట్లో, గడప లోపల, ఎవరూ పాడకూడని ఆ పిలుపు పాడింది. లోకమింకా ఉన్నదోయ్, పలకవోయ్. ఆపుదామని ఎవరికీ అనిపించలేదు.

నాకు జవాబు వినపడింది. ఎర్రమన్ను దాటినాను దగ్గరనుంచి చివరిదాకా, బాబాయి పడుచు గొంతుతో. అక్కడున్న వాళ్ళలో ఇంకెవరికి వినపడిందో నేను అడగలేదు. అత్తకు వినపడిందని మాత్రం ఆమె మొహం చూస్తే తెలిసింది. ఆమె నావైపు తిరిగి, "ఏమే, ఊపిరి వినపడిందా?" అంది. వినపడిందని చెప్పాలని నా ప్రాణం కొట్టుకుంది. "లేదత్తా" అన్నాను. ఆమె తమ్ముడి తల మీదనుంచి చెయ్యి తీసి, అప్పుడు ఏడ్చింది.

ఇప్పుడు అత్త కూడా లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు, తలుపులు వేసి, ఒక్కోసారి ఆ పిలుపు పాడతాను. పాడి ఆగుతాను. ఊపిరి చప్పుడు కోసం చెవి పెట్టి వింటాను. అది రాదు. జవాబు మాత్రం వస్తుంది, బాబాయి, అత్త, ఇద్దరి గొంతులతో. అది వాళ్ళు కాదని నాకు తెలుసు. అయినా అది పూర్తయ్యేదాకా కూర్చున్న చోటినుంచి లేవను.