చింతపండు లారీలో లేపాక్షికి

కొత్త చింతపండు కవరు విప్పితే చాలు, ఆ వాసనకు ఇప్పటికీ నా గుప్పిట బిగుసుకుంటుంది.

నాకప్పుడు ఏడేళ్లు. వేసవి సెలవుల్లో లేపాక్షి నందిని చూపిస్తానన్నాడు నాయన. బస్సు ఛార్జీలు మిగులుతాయని, లేపాక్షి మీదుగా హిందూపురం మార్కెట్టుకు పోయే చింతపండు లారీలో అమ్మనూ నన్నూ మూటల మీదికి ఎక్కించి, తనూ ఎక్కాడు. దారిలో ఒక మూట చిరుగులోంచి చింతపండు ముద్ద లాగి గుప్పిట్లో దాచుకున్నాను.

చెక్‌పోస్టు కనబడగానే డ్రైవరు కేకేశాడు. "పట్ట కప్పుకోండన్నా! పైన మనుషులుంటే ఫైనేస్తారు."

ముగ్గురం టార్పాలిన్ పట్ట కింద బోర్లా పడుకున్నాం. లోపల ఉడికిపోతోంది. అమ్మ నా నోటికి చేయి అడ్డం పెట్టింది.

కింద పోలీసాయన గొంతు వినబడింది. "లోడు లెక్క సరిగ్గా ఉండాదా?"

"ఉండాది సార్," అన్నాడు డ్రైవరు.

గుప్పిట బిగించాను. లెక్కలో తగ్గింది నా గుప్పిట్లోనే ఉంది. పాపం, డ్రైవరును పట్టుకుపోతారు. అమ్మ చేయి తోసేసి, పట్ట ఎత్తి అరిచాను.

"నేనే తీసుకున్యా సార్!"

ఫైను కట్టేసరికి నాయన జేబు ఖాళీ. నందిని చూడకుండానే, ఎండలో ఊరివైపు నడక పట్టాం.

"నోరు మూసుకోని ఉంటే ఏం పోయేది నీకు?" అని అమ్మ చేయెత్తింది.

"కొట్టొద్దు. తప్పు చేస్తే ఒప్పుకోమని నేర్పింది మనమే కదా," అన్నాడు నాయన.

ఆ తర్వాత ఊరొచ్చేదాకా నా ముఖం చూడలేదు. కోపమనుకున్నాను. సిగ్గని, నాకు పిల్లలు పుట్టాక తెలిసింది.