కాంటాకు వేలాడిన సైకిల్

మా ఇంటి ఓనరు భీమయ్య కాక ఏ వస్తువునైనా ముందు కాంటాకు వేలాడదీస్తాడు, ఆ తర్వాతే అదేమిటని అడుగుతాడు. పెళ్లి పత్రిక చేతికిస్తే పెళ్లెవరిదో చూడడు. "యాభై గ్రాములున్నది. గింత అట్ట ఎందుకు? పెండ్లికి పిలుస్తున్నరా, ఇటుక పంచుతున్నరా?" అంటాడు. అందరి జేబుల్లో పెన్నో ఫోనో ఉంటే ఆయన జేబులో నూలు తూచే చిన్న కొక్కెం కాంటా ఉంటుంది. దాని బరువుకు జేబు కిందికి జారిపోయి, దూరం నుంచి చూసేవాళ్లకు మనిషి ఒకవైపు ఒరిగినట్టు కనిపిస్తాడు.

ఒకసారి ఆయన భార్య కళావతి చిన్నమ్మ, "లోకంల అన్నిటిని జోకుతవ్ గదా, మరి నీ కాంటా బరువెంత?" అని అడిగింది. కాంటాను అదే కాంటాతో తూచలేం కదా! కాక రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడో రోజు జగిత్యాల పోయి ఇంకో కాంటా కొనుక్కొచ్చి, దానికి మొదటిదాన్ని వేలాడదీసి, "రెండు వందల పది!" అని వీధంతా వినపడేట్టు చెప్పి అప్పుడు కడుపు నిండా తిన్నాడు. ఆ రెండో కాంటా బరువెంతని మాత్రం చిన్నమ్మ అడగలేదు. ఆమెకు సంసారం నడవాలి.

వీధంతా వినపడేట్టు అన్నాను కదా, అది ఆయన తప్పు కాదు. నలభై ఏళ్లు సిరిసిల్లలో సాంచాలు, అంటే మరమగ్గాలు, రిపేరు చేసిన మనిషి. ఆ టకటకల మధ్య మాట్లాడీ మాట్లాడీ, ఇప్పుడు గుసగుసలాడినా మూడిళ్లకు వినపడుతుంది. పేరుకు భీమయ్యే గానీ మనిషి నలభై తొమ్మిది కిలోలు. స్నానం చేసి తల తుడుచుకున్నాక ఇంకో వంద గ్రాములు తక్కువని ఆయన లెక్క.

నా పేరు సంగీత. మాది కథలాపూర్. సిరిసిల్ల నుంచి చందుర్తి పోయే దారిలో మూడు పల్లెలకు నేను నర్సమ్మను. కాక ఇంట్లో మేడ మీది గదిలో మూడేళ్లుగా అద్దెకు ఉంటున్నాను. నా మూడు పల్లెల్లో ఒకటి వాగుకు ఇటు, రెండు అటు. వాగు మీది కల్వర్టు వానలకు కొట్టుకుపోయింది. ఆటోలు పెద్ద రోడ్డు మీదే దించేసి పోతాయి. టీకాల డబ్బా భుజాన వేసుకుని, రాళ్ల మీద వాగు దాటి, రోజుకు ఎనిమిది కిలోమీటర్లు నడవాలి. స్కూటీ కొనుక్కోమని అందరూ చెబుతారు. దాన్ని ఎత్తి వాగు దాటించే మనిషిని మాత్రం ఎవరూ చెప్పరు. మోకాళ్లు మొరాయించి, ఈ ఉగాది తర్వాత కోరుట్ల వైపు బదిలీకి కాగితం నింపాను. ఇష్టంగా కాదు. ఆ పల్లెల ముసలమ్మలు నాకు తప్ప ఇంకెవరికీ చెయ్యి చాపరు. నేను పోతే వాళ్ల బీపీ వాళ్లతోనే ఉండిపోతుంది.

ఆ ముసలమ్మల్లో కాక వాళ్ల అక్క మల్లవ్వ కూడా ఉంది. నేను కాగితం సంగతి చెప్పినప్పుడు కాక, "కాగితం ఎప్పుడిస్తవ్ బిడ్డా?" అని మాత్రం అడిగాడు.

"వచ్చే నెలాఖరుకు ఇయ్యాలె కాకా."

"అంటే నలభై దినాలు," అని లేచి లోపలికి వెళ్లిపోయాడు. అక్క గురించి ఒక్క మాటైనా అనలేదే అని నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

ఆ వారమే కాక కరెంటు సైకిల్ కొన్నాడు. తొక్కొచ్చు, తొక్కకుండా మీట తిప్పినా పోతుంది. బ్యాటరీ చిన్నది, తేలికపాటి రకం. వీధిలో వాళ్లు చూడటానికి వస్తే కాక దాన్ని ఎక్కి చూపించలేదు. దూలానికి పెద్ద కాంటా కట్టి సైకిల్ని వేలాడదీశాడు. ముల్లు ఇరవై ఒకటిన్నర దగ్గర ఆగింది.

"అల్కటిదే అని అమ్మిండు. గిదేం అల్కన?" అని కాక, తేలికంటే ఇదేనా అన్నట్టు పెదవి విరిచాడు.

"నువ్వు దాని మీద కూసుంటవా, అది నీ మీద కూసుంటదా?" అంది చిన్నమ్మ.

మరునాడు పొద్దున నేను కింద నల్లా దగ్గర నీళ్లు పట్టుకుని, బిందె నడుముకెత్తుకుని మెట్లెక్కుతుంటే కాక అడ్డం వచ్చాడు. "ఆగు బిడ్డా, జెర గా బిందె ఇటియ్యి." నిండు బిందెను పెద్ద కాంటాకు తగిలించాడు. పదిహేను కిలోల తొమ్మిది వందలు. "పొద్దుగాల గింత ఎత్తుకొని పద్నాలుగు మెట్లు ఎక్కుతవా? నడుములు నొయ్యవా?"

"అలవాటే కాకా. గీ బిందె నాకు లెక్కనే కాదు."

"లెక్కనే కాదా? మంచిది," అని బిందె ఇచ్చేశాడు. ఇంకోరోజు నా టీకాల డబ్బా తూచాడు, దాని పొడుగూ వెడల్పూ దారంతో కొలిచాడు. తూచే పిచ్చికి తోడు కొలిచే పిచ్చి కూడా పట్టిందని నేనూ చిన్నమ్మా నవ్వుకున్నాం.

ఇక ఆ సైకిల్ పడ్డ పాట్లు చెప్పలేం. మొదటి రోజు స్టాండు పోయింది. "నిలవడేతందుకు గోడలు లేవా?" రెండో రోజు బెల్లు పోయింది. "నాకు నోరు లేదా?" అది మాత్రం నిజమే, ఆయన "జరుగుండ్రి!" అంటే ఎద్దులు కూడా పక్కకు జరిగేవి. ఇనుప హ్యాండిల్ తీసి అల్యూమినియంది వేశాడు. ఒక్కో బోల్టు విప్పి, బయటికి మిగిలిన మరను ఆకురాయితో అరగదీసి, ఆ పొడిని కాగితంలో పోసి తూచేవాడు. "ఎంతాయె?" అని చిన్నమ్మ అడిగితే, "ముల్లు కదల్లేదు గానీ గ్రామైనా బరువే," అనేవాడు. ఆ మాట ఆ నెలలో మేం వందసార్లు విన్నాం.

ఒక మధ్యాహ్నం బ్యాటరీ చార్జింగుకు పెట్టే ముందు తూచాడు, నిండాక మళ్లీ తూచాడు. రెండుసార్లూ ఒకటే బరువు. కాక ముఖం వెలిగిపోయింది. "చూసినవా బిడ్డా! నిండ కరెంటు వోసినా పావు గ్రాము పెరగలే. గీ లోకంల బరువు లేని సామాన్ ఇదొక్కటే!" ఆ సాయంత్రం కరెంటు బిల్లు కొట్టడానికి వచ్చినాయనకు చాయ్ తాగించి పంపాడు.

జగిత్యాలలో సైకిల్ సామాన్ల దుకాణం శ్రీధర్‌కు కాక పేరు వింటేనే చెమటలు. ఒకరోజు మల్యాల దాకా పనుండి నేనూ కాక ఎక్కిన బస్సులోనే ఉన్నాను, వేడుక చూద్దామని జగిత్యాల దాకా పోయాను. కాక దుకాణంలో సీట్లన్నీ వరసగా కాంటాకు తగిలిస్తున్నాడు.

"కాకా, సీటు మీద కూసుంటరే, దాన్ని జోకరు," అని శ్రీధర్ బతిమాలాడు.

"కూసునేటోళ్లకు మెత్తగ ఉండాలె, మోసేటోళ్లకు అల్కగ ఉండాలె. నీ దుకాణంల మోసేటోళ్ల గురించి ఎవ్వడన్న సోంచాయించిండా?"

"సైకిల్‌ను ఎవరు మోస్తరు కాకా? అది కదా మనల్ని మోసేది!"

"గట్లనుకునే చెడిపోయినవ్," అని కాక తొమ్మిదో సీటు తగిలించాడు.

అన్నీ కలిసొచ్చాయని కాదు. తేలికని సన్న టైర్లు వేస్తే ఒక్క రోజులో మూడుసార్లు తుమ్మముళ్లు దిగాయి. మళ్లీ మందం టైర్లు వేయాల్సి వచ్చింది. ఆ పూట ఇంట్లో ఎవరో పోయినట్టే ఉంది. "ఐదు వందల గ్రాములు వాపసు వచ్చినయి," అని కాక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పెడళ్లకు తూట్లు పొడిస్తే ఒకటి విరిగి, కాక పోయి పక్కింటి వాళ్ల నూలు చెత్తలో పడ్డాడు. దెబ్బ తగల్లేదు గానీ తెల్లటి దూది అంటుకుని లేచాడు. లేచీ లేవగానే విరిగిన ముక్క తూచాడు.

అయితే రిపేరు పనిలో మాత్రం ఆయనకు వంక పెట్టలేం. గొలుసును ప్రతి ఆదివారం కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక్కో లంకెకు ఒక్కో చుక్క నూనె వేసేవాడు. చక్రం పుల్లల్ని వేలితో మీటి, ఏది వదులైందో చెవితో చెప్పేవాడు. మోటారుకు పోయే వైర్ల అతుకుల్లో గ్రీజు నింపి, పాత ట్యూబు ముక్కలు చుట్టి, బకెట్టు నీళ్లలో ముంచి చూశాడు. "నీళ్లలెందుకు ముంచుడు? దానికి తానం గూడ పోస్తవా?" అని చిన్నమ్మ గొణిగింది. ఆమె ఆ సైకిల్ని సవతి అని పిలిచేది.

నెలాఖరు ఇంకో పది రోజులుందనగా మల్లవ్వ ఇంటికి బీపీ చూడ్డానికి పోయాను. చెయ్యి చాపుతూ, గొంతు తగ్గించి చెప్పింది. "సంగీతమ్మా, మా తమ్మునికి ఏదో గాలి సోకినట్టున్నది. నిన్న వాగు కాడ సైకిల్ భుజాన ఏసుకొని, గీ ఒడ్డుకు ఆ ఒడ్డుకు ఆరుసార్లు తిరిగిండు. పిలిస్తే పలుకడు. గోలీ ఏమన్న ఉంటే ఇయ్యి బిడ్డా."

"ఆరుసార్లా?"

"ఏడోసారి జారి పడ్డడు. పడి నవ్విండు. గందుకే నాకు భయమైతంది."

నాకూ భయమేసింది. అరవై ఆరేళ్ల మనిషి. ఇంటికొచ్చి చూద్దును కదా, కాకకు మీసం లేదు! ఇరవై ఏళ్ల వయసు నుంచి పెంచిన గుబురు మీసం నున్నగా గీయించుకుని కూర్చున్నాడు.

"మీసం ఏమాయె కాకా?"

"ఏడు గ్రాములు. గ్రామైనా బరువే."

"మీసం సైకిల్‌ది కాదు గదా!"

కాక నున్నటి పై పెదవి తడుముకున్నాడు. "గా ముచ్చట మంగలాయన ముందే చెప్పాలె," అన్నాడు. ఆ రోజు నేను ఆయన బీపీ కూడా చూశాను. నాకంటే బాగుంది.

అసలు వింత మర్నాడు జరిగింది. బెల్లు బరువని పీకేసిన మనిషి, సైకిల్ ముందు భాగాన ఆరు వందల గ్రాముల ఇనుప చట్రం బిగిస్తున్నాడు. సీటును జానెడు కిందికి దించాడు. చిన్నమ్మ తలుపు దగ్గరే నిలబడిపోయింది. "నెల దినాలు గ్రాములు గీకి, ఇయ్యాల్ల గింత ఇనుము తగిలిస్తున్నవేంది? సీటు గంత కిందికి దించితె నీ మోకాళ్లు గదుమకు తాకయా?" వీధంతా వినపడేట్టు మాట్లాడే మనిషి ఆ పూట పలకలేదు. మౌనంగా ఉన్నాడంటే జబ్బేనని మేమిద్దరం అనుకున్నాం.

నెలాఖరు రోజు పొద్దున నేను బదిలీ కాగితం సంచిలో పెట్టుకుని, టీకాల డబ్బా భుజానేసుకుని మెట్లు దిగాను. మెట్ల కింద కాక సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"డబ్బా ఇటియ్యి."

ఇచ్చాను. ఆయన దాన్ని ఆ ఇనుప చట్రంలో పెట్టాడు. అటు ఇటు వెంట్రుకంత సందు లేకుండా కూర్చుంది. నేను డబ్బా వైపు, చట్రం వైపు, కిందికి దించిన సీటు వైపు చూశాను. ఆ సీటు సరిగ్గా నా నడుము ఎత్తుకు ఉంది. కాక డబ్బా తీసి పక్కన పెట్టాడు.

"ఇగ సైకిల్ ఎత్తు."

ఎత్తాను. బిందె ఎత్తినట్టే నడుము దగ్గరికి వచ్చింది.

"బిందె కంటె ఎక్కువనా, తక్కువనా?"

"తక్కువనే ఉన్నది కాకా."

"రెండు వందల గ్రాములు తక్కువ," అన్నాడు కాక. "గీ బిందె లెక్కనే కాదన్నవ్ గదా. వాగు కాడ డబ్బా ఒకసారి, సైకిల్ ఒకసారి దాటియ్యి. మూడో రాయి మీద కాలు పెట్టకు, నాచు ఉన్నది. నేను పడి చూసిన."

మూడేళ్లుగా నవ్వుకున్న మనిషి ముందు తలెత్తలేకపోయాను. ఏడుపు వచ్చేట్టుంది. అది చూసి కాక కంగారు పడ్డాడు. "నీ కోసం అనుకునేవ్, కాదు! మా అక్క నీకు తప్ప ఎవ్వలకు చెయ్యి ఇయ్యది. గా ముసల్దాని బీపీ కోసం, గంతే. ఇంకోటి, సీటు నాకు కిందికి అయితంది. ఇగ దీన్ని నేనేం జేసుకోను?"

"సీటు దించింది నువ్వే గదా!" అని చిన్నమ్మ లోపలి నుంచి కేకేసింది.

కాక వినిపించుకోలేదు. "సంచిల ఏమున్నది, తియ్యి," అన్నాడు. బదిలీ కాగితం తీసి ఇచ్చాను. దాన్ని చిన్న కాంటాకు తగిలించి, కళ్ల దగ్గర పెట్టుకుని చూశాడు. ముల్లు కదల్లేదు.

"ముల్లు కదల్లేదు కాకా," అన్నాను.

"కదలకపోతే ఏంది? గ్రామైనా బరువే. ఉత్తగ మోసుడెందుకు బిడ్డా," అని దాన్ని నాలుగు మడతలు పెట్టి తన జేబులో వేసుకున్నాడు. నేను వెనక్కి అడగలేదు.

ఇది జరిగి మూడు నెలలైంది. వానలు పడుతున్నాయి, అతుకుల్లోకి నీళ్లు పోలేదు, మూడో రాయి మీద నేను కాలు పెట్టలేదు. మల్లవ్వ బీపీ అదుపులో ఉంది. కాక మీసం సగం వచ్చింది, రోజూ ఎంత పెరిగిందో తూచే దారి లేక బాధపడుతున్నాడు. ప్రతి ఆదివారం గొలుసు కడిగి నూనె వేస్తాడు. ప్రతి పొద్దున గేటు దగ్గర నా సంచి కాంటాకు తగిలించి, అవసరం లేనిది తీసేస్తాడు. నిన్న చిన్నమ్మ నాకు కట్టిచ్చిన సకినాల పొట్లం తీసేశాడు. నూట యాభై గ్రాములట. సాయంత్రం వచ్చి అడిగితే, అందులో ఒక్క గ్రాము కూడా మిగల్లేదు.