మా పాపకు గుడ్డు తినిపించబోయిన పెద్దమనిషి

ఈ రోజు మధ్యాహ్నం యాకుత్‌పురాలో బంధువుల ఇంటికి దావత్‌కు వెళ్లాం. మా పాపకు పుట్టుకతోనే వచ్చిన జబ్బు ఒకటి ఉంది. గుడ్డు, మాంసం, పాలలాంటివి తింటే ఒంట్లో సరిగ్గా అరగక, విషంగా మారి మెదడుకు ఎక్కుతాయి. ఆ సంగతి మాకు తెలిసేసరికే ఆలస్యమైంది. ఐదేళ్లు నిండినా మాట ఇంకా తడబడుతుంది.

నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి మా ఆయన మేనమామ బిర్యానీలో గుడ్డు తుంచి పాప నోటికి అందిస్తున్నాడు. చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఏందమ్మా గిట్ల జేస్తవ్? గుడ్డు తింటెనే పోరికి తాకత్ వస్తది. డాక్టర్లు గట్లనే బెదిరిస్తరు," అన్నాడు.

"మామా, పోయినేడు మీరు చాటుగ తినిపిచ్చిన చికెన్‌కే గదా, ఫిట్స్ వచ్చి ఐసీయూల పడ్డది? మీరు చూడనీకి గూడ రాలె."

"అది దిష్టి బిడ్డా," అంటూ ఆ గుడ్డు ముక్క తన నోట్లోనే వేసుకున్నాడు.

పాపను ఎత్తుకుని వచ్చేశాను. ఈ మహానుభావుడు ముప్పై ఏళ్లు పిల్లలకు సైన్సు చెప్పాడట! మీ ఇళ్లల్లో ఇలాంటి పెద్దమనుషుల్ని ఎలా భరిస్తున్నారో కాస్త చెప్పండి. నా వల్ల కావడం లేదు.