ఎటు అని అడగలేదు

మా తమ్ముడు సరుకుల ఓడలో వంటవాడు. సముద్రం మొహం చూడని నారాయణఖేడ్ నుంచి వెళ్లి వాడు ఓడెక్కాడంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఇంట్లో ఉన్నన్నాళ్లూ చాయ్ పెట్టమంటే పొంగించేవాడు.

ఒక ఏడాది వాళ్ల ఓడ, మునిగిపోతున్న ఒక పడవలోని మనుషులను ఎక్కించుకుంది. సొంత దేశంలో ఇళ్లు తగలబెడితే పారిపోయి వచ్చినవాళ్లు. ఎక్కించుకోవడమైతే అయింది గాని, ఏ రేవూ వాళ్లను దిగనివ్వలేదు. ఓడను దూరంగానే ఆపేశారు. సాయం చేసే సంస్థవాళ్లు లాంచీలో వచ్చి మందులు, దుప్పట్లు ఇచ్చేవారు. వీళ్లకింత చోటివ్వండని ఒక్కో దేశాన్నీ బతిమాలేవారు.

తమ్ముడు సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. ఒకసారి వాడి వెనక నుంచి ఒక ముసలామె తొంగిచూసింది. ఆమె కొంగు పట్టుకుని చిన్న మనవరాలు. ముసలామెకు కాస్త ఉర్దూ వచ్చు. మా అమ్మ కర్ణాటక సరిహద్దున నాగల్‌గిద్దలో పుట్టిన మనిషి, ఇంట్లో కన్నడం, పొలంలో తెలుగు, సంతలో ఉర్దూ.

"ఆజ్ క్యా పకాయే?" అనడిగింది అమ్మ.

మీ అబ్బాయి ఏది వండితే అదే తింటున్నామంది ఆమె. "అయ్యో, గట్లయితే కష్టమే!" అంది అమ్మ తెలుగులో. ఏమర్థమైందో, ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత తమ్ముడి మొహం మాకు కనిపిస్తే ఒట్టు. ఫోనంతా అక్కాచెల్లెళ్లదే.

ఆమెకున్న దిగులు ఒక్కటే. ఒక దేశం పిల్లలను తీసుకుంటానంది, ఇంకోటి ముసలివాళ్లను. ఆ పిల్లకు ఆమె తప్ప ఎవరూ మిగల్లేదు. ఇద్దరినీ ఒకేచోటికి పంపాలని సంస్థవాళ్లు తిప్పలు పడుతూనే ఉన్నారు. అమ్మ ఇక్కడ బోరంచ నల్లపోచమ్మకు మొక్కుకుంది. "ఆమెది మన దేవుడు కాదు గదమ్మా," అంటే, "పిల్ల పిల్లనే కదనే," అని కసిరింది.

ఒక మధ్యాహ్నం, తమ్ముడు వంటలో ఉండగా, ఆమే వాడి ఫోన్ నుంచి చేసింది. మమ్మల్ని దింపుతున్నారు చెల్లీ, అంది. అమ్మ కళ్లు తుడుచుకుంది. నేను ఆగలేక, "ఏ దేశమో అడుగమ్మా! ఇద్దరు ఒక్కతానికేనా?" అన్నాను. అమ్మ ఫోన్‌ను చేత్తో మూసి నా మీద విరుచుకుపడింది.

"బయలెల్లేటోళ్లను ఎటు పోతున్నరని అడుగుతరానే? పోయే పని అయితదా? అక్కడికి పోయినంక ఆమెనే చెప్తది."

మా దగ్గర గడప దాటేవాళ్లను ఎవరూ అలా అడగరు. అడిగితే వాళ్లు వెనక్కొచ్చి, కాళ్లు కడుక్కుని, కాసేపు కూచుని మళ్లీ బయలుదేరాలి. ఓడ మీద నుంచి ఆమె ఎక్కడికి వెనక్కి రావాలి? నాకు ఒళ్లు మండింది.

"పోయి రా అక్కా," అంది అమ్మ ఉర్దూలో. ఆమె వెంటనే పెట్టెయ్యలేదు. ఇంకేమైనా అడుగుతారేమోనని చూసినట్టుంది. అమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది.

తమ్ముడు వంటపని ముగించి పైకొచ్చేసరికి రెండు లాంచీలు చెరో దిక్కుకు వెళ్లిపోయాయట. ఎవరు దేంట్లో ఎక్కారో వాడు చూడలేదు. సంస్థవాళ్లను అడిగితే, బయటివాళ్లకు చెప్పకూడదన్నారు. వాళ్ల మంచికేనట, కాదనలేం. ఆమెకు సొంత ఫోన్ లేదు. తమ్ముడి నంబర్ రాసుకుందో లేదో కూడా తెలియదు. ఇప్పటివరకు ఫోన్ రాలేదు.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ అడగనే లేదు. నన్నైనా అడగనిచ్చి ఉంటే ఆ ఒక్క మాట తెలిసేదని నాకిప్పటికీ కోపమొస్తుంది. తర్వాత అమ్మ మొహం చూసి ఊరుకుంటాను. అన్నం ముందు కూర్చుని, "పిల్ల ఆమెతోనే ఉన్నట్టేనా?" అంటుంది. "ఉంటదమ్మా," అంటాను. నాకేం తెలుసు?

మొన్న తమ్ముడు సెలవు అయిపోయి బయలుదేరాడు. బస్టాండులో బస్సు కదులుతుంటే అమ్మ కిటికీ పట్టుకుని, అంతమంది ముందు గట్టిగా అడిగింది.

"ఎటు పోతున్నవ్‌ర? ఏ దేశం?"

పక్క సీటావిడ గతుక్కుమని అమ్మ వంక చూసింది.

"నాకేం తెలుసమ్మా," అన్నాడు తమ్ముడు. "ఓడెక్కినంకనే చెప్తరు."