బిర్యానీ హోటల్ మేడ మీద నా జిమ్ భయం

ముందే చెప్పేస్తాను: ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. ఇంటి దగ్గర పిల్లి ఎదురైతే, నేను ఆఫీసుకు చేరేసరికి అది పులి అయిపోతుంది. మా ఆవిడ నూకరత్నం నా మాటలకు ఒక పద్ధతి పెట్టుకుంది. విన్నదాన్ని సగం చేసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసి, మిగిలిన ముక్క నిజమో కాదో మా ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కుంటుంది. మీకంత శ్రమ అక్కర్లేదు. ఇందులో డాక్టరమ్మ మాటలు అన్నవి అన్నట్టే రాశాను. ఒంటికి సంబంధించిన విషయం కదా. మిగతావి కాస్త సాగదీశాను. ఒక్కటి మాత్రం పూర్తిగా నా సొంత కల్పన. అదేదో చివర నేనే ఒప్పుకుంటాను.

ఒంట్లో ఏదో తేడా ఉందని తెలిసింది ఒక ఆదివారం పొద్దున, జాలరిపేట ఒడ్డున.

నేను భీమిలిలో చేపల వేట చేసే ఇంట పుట్టాను. నాన్న సముద్రం మీద బతికాడు. నేను డిగ్రీ పాసై, హార్బరు దగ్గర ఒక షిప్పింగ్ ఆఫీసులో కుర్చీకి అతుక్కుపోయాను. ఓడలు దించే బొగ్గూ, ఎరువూ, ఇనుప ఖనిజం అంతా నా టేబులు మీద నుంచే వెళ్తుంది, కాగితాల రూపంలో. ఆ కాగితాలు కూడా ఎత్తేది ప్యూనే. కాపురం గాజువాకలో. అత్తవారిల్లు జాలరిపేట. మా ఆవిడ అన్నయ్య ఎల్లాజీ ఇప్పటికీ వేటకు వెళ్తాడు. ఆదివారం ఒడ్డున వాళ్ళు అలివి వల లాగుతుంటే, అల్లుడి హోదాలో నేనూ ఒక చెయ్యి వేస్తుంటాను.

అలివి వల లాగడం చూడనివాళ్ళకు రెండు మాటలు. పడవ మీద వెళ్ళి వలను సముద్రంలో వంపుగా పరిచి వస్తారు. దాని రెండు కొసల మోకుల్నీ ఒడ్డునుంచి జనం పట్టుకుని, వెనక్కి నడుస్తూ లాగుతారు. ఇసుక మీద పైదాకా వెళ్ళినవాడు మోకు వదిలేసి, నీళ్ళ అంచుకు దిగి, మళ్ళీ ముందు పట్టుకోవాలి. వాడు వదిలినా మిగతావాళ్ళు పట్టుకునే ఉంటారు గనక వల జారదు. మోకు పట్టిన ప్రతివాడికీ చివర చేపల్లో వాటా ఉంటుంది. పట్టనివాడికి లేదు. అల్లుడైనా సరే.

ఆ రోజు నేను ఒక్కసారి పైదాకా లాగాను. మోకు వదిలాను. కిందికి దిగబోతే కాళ్ళు దిగలేదు. గుండె అమ్మవారి జాతరలో డప్పులా మోగింది. సముద్రం ఆకాశంలోకీ, ఆకాశం సముద్రంలోకీ మారిపోయాయి. ఇసుకలో కూలబడ్డాను. నేను పడినప్పుడు ఒడ్డు నాలుగడుగులు కుంగిందని అంటాను గానీ, దాన్ని మీరు సగం చేసుకోండి.

ఎల్లాజీ పరుగెత్తుకొచ్చాడు. "ఏటైంది బావా? ఆయాసమా? లెగకు, లెగకు. ఆ గొడుగు కింద కూకో. ఆడోళ్ళు సేపలేరతారు, సూత్తా ఉండు."

గొడుగు కింద కూర్చున్నాను. చేపలు ఏరుతున్న ఒక ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఆఫీసు కుర్సీ మనిసిని తినేత్తాది నాయనా" అని, నాకు మంచినీళ్ళిచ్చి తన పనిలో పడింది.

పంపకాలప్పుడు ఎల్లాజీ ఒక లావుపాటి చందువా చేపని కవర్లో పెట్టి, నూకరత్నం చేతికి ఇచ్చాడు. నాకు కాదు. "బావకి పులుసెట్టు సెల్లీ. నీరసంగా ఉన్నాడు" అన్నాడు. ఎప్పుడూ నా వాటా నా ముందు ఇసుకలో పడేది. ఆ రోజు వచ్చింది వాటా కాదు, పథ్యం. అంత మంచి చేపా నాకు ముల్లులాగే దిగింది.

మర్నాడు ఆసుపత్రి. ఈసీజీ, ఎకో, లిపిడ్ ప్రొఫైల్, హెచ్‌బీఏ వన్‌సీ, పొట్టకు స్కానింగ్. చివరికి టీఎంటీ. మా గాజువాకలో టీఎంటీ అంటే ఇంటికి వేసే ఇనుప చువ్వ. ఆసుపత్రిలో అది నడిచే పట్టా. ఒంటినిండా వైర్లు తగిలించి దాని మీద నడిపించారు. నేను రొప్పుతూ, మనసులో వీలునామా సగం రాసుకున్నాను.

డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి చెప్పింది: "మీ హార్ట్ బాగానే ఉంది. ఫ్యాటీ లివర్ గ్రేడ్ టు. షుగర్ బోర్డర్‌లో ఉంది. ఆ రోజు జరిగింది డీకండిషనింగ్ వల్ల. అంటే కండ లేదు, దమ్ము లేదు. వాకింగ్ ఒక్కటే చాలదు, స్ట్రెంగ్త్ ట్రైనింగ్ కావాలి. జిమ్‌లో చేరండి."

"మాత్రలేవైనా ఉన్నాయా మేడమ్?"

"దీనికి మాత్ర జిమ్మే."

మా వీధి చివర ఒక జిమ్ ఉంది. మేడ మీద జిమ్, కింద బిర్యానీ హోటల్. ఇంత దూరాలోచనతో కట్టిన భవనం జిల్లాలో మరొకటి లేదు. చేరడానికి ముందు బూట్లు కొన్నాను. వాటి ఆకుపచ్చ రంగు ఎంత ధగధగ మెరుస్తుందంటే, ఆ బూట్లు వేలాడదీస్తే డాల్ఫిన్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ ఆపేసుకోవచ్చు.

మొదటి రోజు మెట్లెక్కి తలుపు తోశాను. లోపల నాలుగు గోడలకీ అద్దాలే. నా ఒక్క పొట్ట అన్ని అద్దాల్లోనూ కనిపించి ఊరేగింపులా ఉంది. నలభై మంది కుర్రాళ్ళు, ఒక్కొక్కడి చెయ్యి నా తొడంత. పాట ఆగిపోయింది. ట్రెడ్‌మిల్లు ఆగిపోయాయి. నలభై తలలూ ఒకేసారి నా వైపు తిరిగాయి. ఒకడు నా బూట్లు చూశాడు. ఇంకొకడు నా పొట్ట చూసి పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. తర్వాత నవ్వు ఒక మూల మొదలై, అలలా ఈ మూలకు వచ్చి నా మీద విరిగింది.

చేతులకు చెమటలు పట్టాయి. గుండె మళ్ళీ డప్పు అందుకుంది. ట్రైనరు ఎదురొచ్చాడు. పేరు సలీం, వన్‌టౌన్ కుర్రాడు. ఇంట్లో వాళ్ళది అత్తరు కొట్టు. "రండి సార్, కొత్తగా చేరాలా?" అన్నాడు.

"ఇక్కడ పాత ఏసీ అమ్ముతారని విన్నాను" అన్నాను.

కిందికి దిగాను. దిగినవాణ్ణి నేరుగా ఇంటికి పోవచ్చు కదా. గుండె దడ తగ్గాలంటే ఏదైనా తినాలని మనసు సలహా ఇచ్చింది. తిన్నాను. మసాలా ఘాటుకు చెమట పట్టింది. ఆ చెమటతోనే ఇంటికెళ్ళి, "జిమ్ బ్రహ్మాండం" అని చెప్పాను.

అలా కొన్నాళ్ళు సాగింది. రోజూ బూట్లు వేసుకోవడం, మెట్ల మలుపు దాకా ఎక్కడం, పైనుంచి ఇనుము చప్పుడు వినగానే కిందికి దిగడం. హోటల్ వాళ్ళకు నేను అలవాటైపోయాను. ఆకుపచ్చ బూట్లు మెట్ల మీద కనిపిస్తే చాలు, ప్లేటు పెట్టేవారు. దీన్ని మీరు నవ్వుతూ చదువుతున్నారు గానీ, ఆ మలుపులో నిలబడ్డప్పుడు నాకు నవ్వు రాలేదు. గొడుగు కిందే నా మిగతా ఆదివారాలన్నీ గడిచిపోతాయని అనిపించేది.

ఒక సాయంత్రం నూకరత్నం నా టీషర్టు ఉతకబోయి ముక్కు దగ్గర పెట్టుకుంది. "మావా, ఆ జిమ్ములో లవంగాలెందుకు?"

"అదే... ప్రొటీను..."

"రేపు డాక్టరమ్మకి సెప్పు ఆ ప్రొటీను సంగతి."

రివ్యూలో నా బరువు పెరిగింది. డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. "జిమ్‌కి వెళ్తున్నారా?"

"మెట్ల దాకా వెళ్తున్నాను మేడమ్."

అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "దీన్ని జిమ్ యాంగ్జైటీ అంటారు. చాలామందికి ఉంటుంది. పాల్పిటేషన్స్, అంటే ఆ దడ, స్వెటింగ్ రెండూ భయం వల్లే. గుండె వల్ల కాదని మీ టెస్టులు చెప్పాయి. ఒకేసారి అంతా చెయ్యకండి. గ్రేడెడ్ ఎక్స్‌పోజర్ అంటాం. మొదటి రోజు ఊరికే లోపలికెళ్ళి కూర్చోండి. తర్వాత ఒక్క మెషీన్. జనం తక్కువున్న టైములో వెళ్ళండి. తోడు ఎవరైనా ఉంటే మంచిది."

తోడు అక్కడే పక్క కుర్చీలో కూర్చుని ఉంది.

ఆఫీసుకు కొన్నాళ్ళు సెలవు పెట్టించి, మర్నాడు మధ్యాహ్నం నూకరత్నం చీర కొంగు బొడ్లో దోపి, నా చెయ్యి పట్టుకుని మలుపు దాటించింది. హోటల్ ముందు నుంచి వెళ్తుంటే సర్వరు ప్లేటు పట్టుకుని దిగాలుగా చూశాడు. లోపల నేను తల వంచుకుని ఒక బల్ల మీద కూర్చున్నాను. ఆ రోజు అంతే. మర్నాడూ అంతే. నేను నేల చూస్తుంటే, ఆవిడ సలీంతో లోకాభిరామాయణం.

"ఏటి బాబూ, ఈ ఇనుమంతా ఎత్తి, మళ్ళీ అక్కడే ఎట్టెయ్యడమేనా?"

"అంతేనమ్మా."

"మరి ఎక్కడికీ మొయ్యక్కర్లేదా? బాగుంది పని. ఈ తాడేటి?"

"కేబుల్ మెషీనమ్మా. తాడు లాగితే వెనకాల బరువు లేస్తాది."

నూకరత్నం కళ్ళు మెరిశాయి. "మావా, లెగు. ఇది లాగుడే. నీకు పుట్టుకతోనే వచ్చిన పని."

లేచాను. తాడు రెండు చేతులా పట్టుకున్నాను. అరచేతికి తాడు తగలగానే చిత్రంగా దడ తగ్గింది. మడమలు నేలకు తన్నిపెట్టి, ఒళ్ళు వెనక్కి వాల్చి, అడుగు వెనక అడుగు వేశాను. నోట్లోంచి "హైలెస్సా" దానంతటదే వచ్చింది. "అరే వాహ్ సార్!" అంటున్నాడు సలీం. తాడు వచ్చినంత దూరం వెనక్కి వచ్చాను. పైదాకా చేరాను. చేరినవాడు ఏం చెయ్యాలో నా చేతులకు తెలుసు. మోకు వదిలేసి, నీళ్ళ అంచుకు దిగాలి.

వదిలేశాను.

వెనకాల లేచిన ఇనుమంతా ఒక్కసారి కిందపడింది. ఆ చప్పుడుకు హార్బర్లో ఓడలు లంగరు తెంచుకున్నాయి. కింద హోటల్లో దమ్ము మీదున్న గిన్నె మూత లేచిపోయింది.

"అరే సార్! వదలకూడదు!" సలీం గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఇక్కడ మీ వెనక ఎవరూ లేరు పట్టుకోడానికి!"

నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. తెరిచాక ఏం చూశానో చివర చెప్తాను. నూకరత్నం మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. ఎందుకు వదిలానో సలీంకి ఆవిడే చెప్పింది. అతను శ్రద్ధగా విని, తాడు మళ్ళీ నా చేతికిచ్చి, తనూ ఒక చెయ్యి వేశాడు. "సముద్రంలో లాగడం ఒక్కటే మీ పని సార్. ఇక్కడ మెల్లగా తిరిగి ఇవ్వడం కూడా మీ పనే. కండ సగం ఆ వదలడంలోనే వస్తాది."

ఆ రోజు ఒక్క మెషీనే. మర్నాడు ఒళ్ళంతా తీపులు. దువ్వెన తలదాకా లేవలేదు. అయినా మధ్యాహ్నం అయ్యేసరికి చేతులు ఆ తాడు అడిగాయి. తర్వాత రెండో మెషీన్, మూడోది. మధ్యలో అత్యుత్సాహంతో బరువు పెంచితే భుజం పట్టేసింది. "రొటేటర్ కఫ్ స్ట్రెయిన్. ఐస్ పెట్టండి, రెస్ట్ ఇవ్వండి. పోటీ ఎవరితో మీకు?" అంది డాక్టరమ్మ. ఆ రెస్టు రోజుల్లోనే నాకు ఒక విషయం తెలిసి కంగారు పడ్డాను: నాకు జిమ్ మీద బెంగ పట్టుకుంది. ఇనుము చప్పుడు, అరచేతుల్లో కాయలు, పని అయ్యాక ఫ్యాను కింద తాగే చల్లటి నీళ్ళు, రాత్రి తల పెట్టగానే పట్టే నిద్ర. భయపడి పారిపోయిన చోటికి పరుగెత్తుకెళ్ళాలనిపించింది.

కొన్ని నెలలకు షుగర్ బోర్డర్ ఇవతలకు వచ్చింది. లివర్ ఒక గ్రేడు దిగింది. "కంటిన్యూ చెయ్యండి" అంది డాక్టరమ్మ. ఆవిడ నోట అది పద్మశ్రీతో సమానం.

ఇక మిగిలింది జాలరిపేట. ఆదివారం ఒడ్డుకు వెళ్ళేసరికి మోకు లాగుతున్నారు. ఎల్లాజీ నన్ను చూసి గొడుగు వైపు చెయ్యి చూపించాడు. "కూకో బావా, కూకో."

"నాను కూకోడానికి రానేదు బావా. జరుగు" అన్నాను. భీమిలి భాష దానంతటదే బయటికొచ్చింది.

మోకు పట్టుకున్నాను. పైదాకా లాగాను. వదిలాను. ఇక్కడ వదలొచ్చు, వెనక జనం ఉన్నారు. కిందికి చూశాను. కాళ్ళు దిగాయి. నీళ్ళ అంచున మళ్ళీ పట్టుకున్నాను. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి. ఆయాసం వచ్చింది, కానీ నాతో పాటు నడిచే ఆయాసం అది, కూలదోసేది కాదు. ఎవరూ భేష్ అనలేదు. ఎవరూ నా పొట్ట చూడలేదు. మోకు పట్టినవాళ్ళందరి కళ్ళూ నీళ్ళమీదే, వల ఎక్కడిదాకా వచ్చిందా అని.

ఆ రోజు వలలో పడినవి కవ్వళ్ళనే చిన్న చేపలు. పంపకాల్లో ఎల్లాజీ వరసగా ఒక్కొక్కరి ముందు ఇసుకలో విసురుకుంటూ వచ్చి, నా ముందూ గుప్పెడు విసిరాడు. కవరు లేదు, పులుసు మాట లేదు, నా మొహం వైపైనా చూడలేదు. పక్కవాడి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇసుక అంటిన ఆ చిన్న చేపల్ని లుంగీలో కట్టుకుని, ఆటోలో గాజువాక దాకా ఒళ్ళో పెట్టుకొచ్చాను. ఆ ఆటో వాసన సంగతి డ్రైవరే చెప్పాలి.

ఇప్పుడు వారంలో నాలుగు రోజులు జిమ్‌కి వెళ్తున్నాను. బిర్యానీ నెలకోసారి, సర్వరు మొహం చూడలేక.

ఇక నేను కల్పించినది. ఓడల లంగరు అనుకుంటున్నారేమో. అది సాగదీయడం మాత్రమే. కల్పన ఆ నలభై మంది. మొదటి రోజు నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. పాట ఆగలేదు. అసలు ఎంతమంది ఉన్నారో కూడా నాకు తెలియదు, నేను తలెత్తితే కదా. ఆ తలలూ ఆ నవ్వూ నేను ఇక్కడ మీకోసం అల్లినవి కావు. మెట్ల మలుపులో రోజూ నాకోసమే అల్లుకునేవాణ్ణి. పిల్లిని పులి చేసే గుణం ఇన్నాళ్ళూ ఊరిని నవ్వించిందనుకున్నాను. అది నన్నే తరిమింది.

అందుకే ఒక్క సలహా. ముందు డాక్టరుకు చూపించుకోండి. తర్వాత జిమ్‌కి వెళ్ళిన మొదటి రోజే ఒక్కసారి తల ఎత్తి, మిమ్మల్ని ఎంతమంది చూస్తున్నారో నిజంగా లెక్కపెట్టండి. ఇనుము పడేసి, కళ్ళు తెరిచి, నేను లెక్కపెట్టాను. కుర్రాళ్ళంతా ఎవరి అద్దంలో వాళ్ళు మునిగి ఉన్నారు. మా ఆవిడా, సలీమూ పోను, నన్ను చూస్తున్నది నేల తుడిచే ఒకే ఒక్కావిడ, చేతిలో తడిగుడ్డతో.

"కాలు తియ్యి బాబూ" అంది. "తుడవాలి."

తీశాను.