గని మ్యాపులో తెల్లచోటు

దయ్యాలను నేను నమ్మను. నమ్మేదాన్నయితే నాకు కోసేసిన ఎనిమిది మార్కులనూ వాటి మీదకు తోసి ఊరుకునేదాన్ని.

కర్నూలులో ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుగా నేనూ, శ్రీకర్ అనే మా క్లాసతనూ కలిసి ఒక వీడియో గేమ్ చేశాం. ఎనిమిది మంది ఎవరి కంప్యూటర్ ముందు వాళ్లు కూర్చుని, ఒకేసారి ఒకరినొకరు తరుముకునే ఆట. ప్రోగ్రాం రాయడం అతని వంతు. వాళ్లు పరిగెత్తే స్థలం, అంటే లెవెల్, తయారుచేయడం నా వంతు. ప్రాజెక్టు రిపోర్టు అట్ట మీద నా పేరు రెండోది వేశారు. అది వేరే సంగతి.

బేతంచెర్ల దగ్గర మా నాయన పనిచేసే నాపరాళ్ల గనినే లెవెల్‌గా కట్టాను. పని లేని ఒక ఆదివారం, నాయన వద్దంటున్నా టేపు పట్టుకుని దిగి, మెట్టు మెట్టూ కొలిచాను. అంతకుముందు ఆ గనిలోకి నేను దిగింది లేదు.

ల్యాబులో జూనియర్లతో ఆడించాం. ఎవరు ఎక్కడ అడుగుపెట్టారో కంప్యూటర్ గుర్తుంచుకుని మ్యాపు మీద ఎర్రగా చూపిస్తుంది. గని అడుగంతా ఎర్రబడింది. ఉత్తరం గోడ కింద మాత్రం ఒక మనిషి పడుకునేంత చోటు తెల్లగా మిగిలింది. గెలవడానికి అందుకోవాల్సిన జెండాకు దగ్గరిదారి దాని మీదుగానే. ఎనిమిది మందిలో ఒక్కరూ తొక్కలేదు.

"ఏం మే, కనపడని గోడ పెట్టి మర్చిపోయినావా?" అన్నాడు శ్రీకర్. అందరూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

ఫైలు తెరిచి చూపించాను. అక్కడ ఉత్త నేల. నేనే కూర్చుని నా బొమ్మను దాని మీదుగా నడిపించాను. ఏ అడ్డూ తగల్లేదు. మరో సెక్షన్ పిల్లలను పిలిచి ఆడించాం. మళ్లీ అదే తెల్లచోటు.

ఎందుకు చుట్టు తిరిగి పోయావని ఒకమ్మాయిని అడిగాను.

"నేనెందుకు తిరుగుతానక్కా? నేరుగానే పోయినా," అంది.

గైడు సార్ 'లెవెల్‌లో లోపం' అని రాసి ఎనిమిది మార్కులు కోశారు. ఒక్కసారి ఆడి చూడమన్నాను. "నాకిది ఆటలాడే వయసా అమ్మా?" అన్నారు.

ప్రిన్సిపాల్‌కు అర్జీ రాశాను. గనిలో అక్కడ అడ్డేమీ లేదని నాయనతో సంతకం పెట్టించుకోవాలని, మ్యాపు ప్రింటు తీసుకుని ఇంటికి పోయాను.

నాయన చాలాసేపు చూశాడు. తెల్లచోటు మీద వేలు పెట్టబోయి పక్కకు తీశాడు.

"ఈడ మేం తొక్కం. నీకెవురు చెప్పినారమ్మా?"

ఎవరూ చెప్పలేదన్నాను.

"మాతో పనిచేసే సుంకన్న మీద రాయి జారింది ఈడనే. నువ్వు పుట్టకముందు. కొత్తోళ్లకు గూడా మేం చెప్పం. ముందు పోయేటోడు చుట్టు తిరిగితే ఎనకాలోడూ తిరుగుతాడు. ఆడ ఏమీ లేదని నేనెట్ల సంతకం పెట్టేది?"

పెట్టలేదు.

సరే, నేను దాటాను కదా, అదే సాక్ష్యంగా జతచేద్దామని లాప్‌టాప్ తెరిచాను. నా ఒక్కదాని అడుగులను అంతవరకూ విడిగా చూడనేలేదు. ఎర్రటి గీత తెల్లచోటు దాకా నేరుగా వచ్చింది. అక్కడ ఎడమకు తిరిగి, చుట్టూ పోయి, మళ్లీ దారిలో కలిసింది.

ఇదెలా జరిగిందో ఇప్పటికీ తెలియదు. అర్జీ ఇవ్వలేదు, చింపనూ లేదు. ఆ గీతను ఎన్నిసార్లు తెరిచి చూశానో లెక్కలేదు.

నేను మాత్రం ఆ రోజు నేరుగానే పోయాను.